బొచ్చు లేని పిల్లికి స్నానమా, తుడుపా? షాంపూ నుంచి నూనె దాకా ఏది ఎంచుకోవాలి

పండు మా ఇంటికొచ్చిన మూడో వారంలో, అది రోజూ పడుకునే తెల్ల దుప్పటి మీద లేత గోధుమరంగు మరక కనిపించింది. పిల్లి ముడుచుకుని పడుకుంటే ఎంత గుండ్రంగా ఉంటుందో అంత మరక. టీ ఒలికిందేమో అనుకున్నాను. ముట్టుకుంటే జిడ్డుగా ఉంది. పండు స్ఫింక్స్ జాతి పిల్లి. "బొచ్చే లేదు కదా, రాలేది లేదు, దువ్వేది లేదు, పని తక్కువ" అని చాలామంది అంటే విని తెచ్చుకున్నాను. అసలు పని అక్కడినుంచే మొదలవుతుందని ఆ దుప్పటి చూశాకే అర్థమైంది.

ఏ పిల్లికైనా చర్మంలో వెంట్రుక కుదుళ్ల పక్కనే నూనె గ్రంథులుంటాయి. మామూలు పిల్లిలో ఆ నూనె బొచ్చులోకి పాకుతుంది, పిల్లి నాక్కుంటున్నప్పుడు ఒళ్లంతా పరుచుకుంటుంది. స్ఫింక్స్‌కి నూనె తయారవడం మామూలుగానే జరుగుతుంది, దాన్ని పీల్చుకునే బొచ్చు మాత్రం లేదు. ఆ నూనె చర్మం మీదే నిలబడి, దుమ్మూ మృతకణాలూ కలిసి గోధుమరంగు మడ్డిగా మారుతుంది. మెడ మడతల్లో, చంకల్లో, వేళ్ల సందుల్లో, గోళ్ల మొదట్లో చేరుతుంది. అక్కడ ఈస్ట్ జాతి ఫంగస్ పెరిగితే వాసన, దురద, ఎరుపు వస్తాయి.

అందుకే స్నానం కావాలి. ఎన్నిసార్లు, దేనితో అనేదే ప్రశ్న. నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో పండుతో నేనూ, కెనడాలోని మిస్సిసాగాలో లడ్డుతో మా అక్కా వీడియో కాల్స్‌లో ఈ విషయమే మాట్లాడుకుంటూ వచ్చాం. ఇద్దరిదీ ఒకే జాతి పిల్లి. అయినా మా ఇద్దరి పద్ధతులు చాలా చోట్ల కలవలేదు, కలవాల్సిన అవసరం కూడా లేదని ఇప్పుడు తెలుసు.

ముందు మీ పిల్లి ఏ రకమో చూడండి

బొచ్చు లేని పిల్లులన్నీ ఒక్కటే అనుకుంటాం గానీ కాదు. స్ఫింక్స్ జాతి కథ 1966లో టొరంటోలో ఒక మామూలు పిల్లికి పుట్టిన బొచ్చు లేని కూనతో మొదలైంది. దానికి ప్రూన్ అని పేరు పెట్టారు. స్ఫింక్స్‌లో ఈ లక్షణం రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఆ జన్యువు అందాలి. రష్యాలో రోస్తోవ్ ఆన్ డాన్ నగరంలో మొదలైన డాన్‌స్కోయ్ జాతి వేరు, అక్కడ ఒక్కరి నుంచి వచ్చినా చాలు. డాన్‌స్కోయ్ నుంచి వచ్చినదే పీటర్‌బాల్డ్. వీటిలో కొన్ని పూర్తిగా నున్నగా ఉంటాయి, కొన్నింటికి ముఖమల్ లాంటి నూగు ఉంటుంది. స్ఫింక్స్‌లో కూడా చాలావాటికి పీచ్ పండు మీద ఉన్నంత నూగు ఉంటుంది. నూగు కాస్త ఉన్న పిల్లికి జిడ్డు తక్కువగా కనబడుతుంది. పూర్తిగా నున్నగా ఉండి, చేత్తో తాకితే అంటుకున్నట్టు ఉండే పిల్లికి శ్రమ ఎక్కువ.

కాబట్టి పక్కవాళ్ల పిల్లికి వారానికోసారి అంటే మీ పిల్లికీ వారానికోసారి అని పెట్టుకోకండి. నేను చేసే పరీక్ష ఒక్కటే. తెల్లటి టిష్యూ కాగితం తీసుకుని వీపు మీద ఒకసారి, మెడ మడతలో ఒకసారి మెల్లగా రాస్తాను. రెండుచోట్లా శుభ్రంగా వస్తే ఇంకో నాలుగు రోజులు దాన్ని దాని మానాన వదిలేస్తాను. వీపు శుభ్రంగా ఉండి మడతలో గోధుమరంగు వస్తే తుడిస్తే చాలు. వీపు మీద రాసిన టిష్యూ కూడా పసుపుపచ్చగా, జిడ్డుగా వస్తే ఆరోజు స్నానం. ఈ లెక్కన పండుకి ఎండాకాలంలో పదిరోజులకోసారి, చలికాలంలో మూడు వారాలకోసారి స్నానం పడుతుంది. విశాఖలో ఇలాంటి పిల్లినే పెంచుతున్న స్నేహితురాలికి, సముద్రపు తేమ వల్ల కాబోలు, వారం దాటడం లేదు. అక్కకి చలికాలంలో ఇంట్లో హీటర్ వల్ల గాలి పొడిబారిపోతుంది, లడ్డుకి పొట్ట మీద పొలుసులు లేస్తాయి. అప్పుడు స్నానం నెలకోసారికి తగ్గిస్తుంది.

స్నానం ఎక్కువైతే చర్మం పొడిబారుతుంది, దురద వస్తుంది, పిల్లి గోక్కుంటుంది. మొదటి ఏడాది నేను చేసిన తప్పు అదే. జిడ్డు కనిపించిన ప్రతిసారీ టబ్బులో దించేదాన్ని. మూడు రోజులకోసారి కూడా చేయించిన వారాలున్నాయి. చెవుల వెనక గీరుకుని పుండు చేసుకుంది పాపం.

పూర్తి స్నానం, తుడుపు, మడతలు మాత్రమే

ఈ మూడింటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను మూడోదాన్నే ఎంచుకుంటాను. వినడానికి వింతగా ఉండొచ్చు. కానీ ఇబ్బంది మొదలయ్యేది వీపు మీద కాదు. వీపుకి గాలి తగులుతుంది, దుప్పటికి రాసుకుని కొంత జిడ్డు పోతుంది. మడతల్లో గాలి ఆడదు. వారానికి రెండు మూడుసార్లు గోరువెచ్చని నీళ్లలో ముంచి గట్టిగా పిండిన మెత్తటి నూలు గుడ్డతో మెడ, చంకలు, తొడల సందులు, తోక మొదలు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తడి లేకుండా అద్దితే స్నానం అవసరమే బాగా తగ్గిపోతుంది. ఐదు నిమిషాల పని. పండు నా ఒళ్లో పడుకుని గుర్రుగుర్రుమంటుండగానే అయిపోతుంది.

తుడవడానికి మార్కెట్లో వైప్స్ దొరుకుతాయి కదా అంటే, చూసి కొనండి. పిల్లి ఒంటిమీద ఏది మిగిలినా అది నాలుక మీదకే వెళుతుంది. వాసన వేసినవీ, ఆల్కహాల్ ఉన్నవీ వద్దు. ముఖ్యంగా క్రిములను చంపుతాయని చెప్పే కొన్ని వైప్స్‌లో బెంజల్కోనియం క్లోరైడ్ ఉంటుంది, అది నాకిన పిల్లులకు నోట్లో పుండ్లు పడతాయి. పాపాయిల కోసం వచ్చే వైప్స్‌లో దాదాపు అంతా నీళ్లే ఉండే రకం, వాసన లేనిది దొరికితే ప్రయాణాల్లో వాడుకోవచ్చు. ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం పాత నూలు చీర ముక్కను మించింది నాకు కనబడలేదు. మెత్తగా ఉంటుంది, ఉతికి మళ్లీ వాడుకోవచ్చు.

పూర్తి స్నానం గెలిచే సందర్భాలు మూడు. ఒళ్లంతా జిడ్డు పట్టినప్పుడు, లిట్టర్‌లోనో (పిల్లి మలమూత్రాలకు పెట్టే ఇసుక పెట్టె) ఇంకెక్కడో ఒళ్లు పాడుచేసుకున్నప్పుడు, డాక్టర్ మందు షాంపూ రాసిచ్చినప్పుడు. ఇంట్లో ఎవరికో పిల్లి అలర్జీ ఉందని స్నానాలు పెంచేవాళ్లుంటారు. బొచ్చు లేదు కాబట్టి అలర్జీ రాదనుకోవడం కూడా పొరపాటే. అలర్జీ తెచ్చే ప్రొటీన్ లాలాజలంలోనూ చర్మపు నూనెలోనూ ఉంటుంది. స్నానంతో అది తగ్గేది కొద్దిరోజులే. దానికోసం పిల్లిని రోజు విడిచి రోజు నీళ్లలో ముంచడం న్యాయం కాదు.

షాంపూ: ఇక్కడే ఎక్కువ జాగ్రత్త

పిల్లుల కోసమే చేసిన, వాసన లేని, మృదువైన షాంపూ అందరికీ మొదటి ఎంపిక. మన చర్మం కాస్త ఆమ్లగుణం వైపు, పిల్లి చర్మం తటస్థం వైపు ఉంటుంది. మనుషుల సబ్బులు, తలస్నానపు షాంపూలు దానికి పడవు. ఓట్స్ కలిపిన పిల్లి షాంపూలు పొడిచర్మం ఉన్నవాటికి హాయినిస్తాయి, లడ్డుకి అక్క అదే వాడుతుంది. పండుకి జిడ్డు ఎక్కువ కాబట్టి మామూలు మృదువైన షాంపూనే సరిపోయింది.

బేబీ షాంపూ సంగతి చాలామంది అడుగుతారు. పిల్లి షాంపూ దొరకని పక్షంలో, వాసన లేని రకమైతే, ఒకటి రెండుసార్లకు ఫరవాలేదు. అలవాటుగా వాడటం నాకు ఇష్టం లేదు. చాలా బేబీ షాంపూల్లో పరిమళం గట్టిగా ఉంటుంది, స్నానం అయ్యాక కూడా పిల్లి ఒంటిమీద ఆ వాసన నిలుస్తుంది. తన వాసన తనకు దొరక్క అది ఒళ్లంతా నాక్కుంటూనే ఉంటుంది.

కుక్క షాంపూ మాత్రం ఒద్దు. మన ఊళ్లలో కుక్కలకు అమ్మే పేలు, గోమార్ల షాంపూల్లో చాలావాటిలో పెర్మెత్రిన్ జాతి మందులుంటాయి. కుక్క తట్టుకుంటుంది, పిల్లి తట్టుకోలేదు. వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణం పోవచ్చు. బొచ్చు కూడా అడ్డంలేని చర్మం మీద అది పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కుక్కా పిల్లీ రెండూ ఉన్న ఇంట్లో రెండు సీసాలనూ వేరే అల్మారాల్లో పెట్టండి. డెట్టాల్ లాంటి ఫినాల్ జాతి ద్రావణాలు, టీ ట్రీ ఆయిల్, కర్పూరం కలిపిన నూనెలు, వేపనూనె కూడా దగ్గరికి రానీయకండి. ఇలాంటి వాటిలో చాలా పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి మనకున్నంత లేదు.

ఇక అమ్మ సలహా. "ఆ సీసాలెందుకే, సున్నిపిండి పెట్టి రుద్దరాదూ, మీ ఇద్దరికీ నేను అదేగా పెట్టింది" అంది. ప్రేమగా చెప్పిన మాటే, అందుకే ఆలోచించి చూశాను. పెసరపిండి గరుకు. పసిపిల్లల చర్మానికి నూనె పెట్టి, ఆ నూనె మీద రుద్దుతాం. పిల్లికి అలా కుదరదు, పైగా ఆ పిండి మెడ మడతల్లో, వేళ్ల సందుల్లో ఇరుక్కుంటే మనం కడిగింది ఎందుకో ఆ పనే చెడుతుంది. కుంకుడు రసం ఇంకా వద్దు. మన కళ్లలో పడితేనే ఎంత మంటో మనకు తెలుసు. స్ఫింక్స్‌కి రెప్పవెంట్రుకలు కూడా ఉండవు, నురగ నేరుగా కంట్లోకి జారుతుంది.

మందు షాంపూలు వేరే వర్గం. క్లోర్‌హెక్సిడిన్‌తో మైకొనజోల్ లాంటి ఫంగస్ మందు కలిపినవి డాక్టర్లు రాస్తారు. గోళ్ల మొదట్లో నల్లటి మడ్డి, పులిసిన వాసన, ఎరుపు ఉంటే ఇవి బాగా పనిచేస్తాయి. అయితే రాసి వెంటనే కడిగేస్తే ఉపయోగం ఉండదు, డాక్టర్ చెప్పినంతసేపు, మామూలుగా పది నిమిషాల దాకా, ఒంటిమీద ఉండాలి. ఆ పది నిమిషాలు నాకకుండా తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకోండి. జిడ్డు పోవడానికి బలమైనదైతే మంచిదని దీన్ని సొంతంగా నెలల తరబడి వాడేవాళ్లున్నారు, అలా చేయొద్దు.

నీళ్లు, ఆరబెట్టడం

పిల్లి ఒంటి వేడి మామూలుగానే 38 నుంచి 39 డిగ్రీలు. మనకు గోరువెచ్చగా అనిపించే నీళ్లు దానికి చల్లగా తగులుతాయి. పాపాయిల స్నానానికి వాడే థర్మామీటర్ ఉంటే 37, 38 మధ్య చూసుకోండి, లేకపోతే మోచేయి ముంచి హాయిగా వెచ్చగా ఉందనిపిస్తే చాలు. షవర్ శబ్దానికే పండు గోడలెక్కేది. రెండు టబ్బులు పెట్టాక ఆ గొడవ పోయింది. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో మంచినీళ్లు, పొట్ట తడిసేంత లోతు. అడుగున పాత తువ్వాలు పరిస్తే కాళ్లు జారవు. కాళ్లు జారకపోతే సగం భయం పోతుంది. ముందురోజే గోళ్లు కత్తిరించి ఉంచండి. తల మీద నీళ్లు పోయకుండా ముఖాన్ని తడిగుడ్డతో తుడవండి. బోరునీళ్లు ఉప్పగా ఉంటే షాంపూ నురగ రాదు, చర్మం మీద తెల్లటి పొర మిగులుతుంది. ఆ ఇబ్బంది ఉంటే చివరి కడుగుడుకైనా మంచినీళ్లు వాడండి. కడగడం మాత్రం మీకు చాలనిపించాక ఇంకొకసారి చేయండి.

ఆరబెట్టడంలో హెయిర్ డ్రయర్‌కీ తువ్వాలుకీ పోటీ పెడితే నా ఓటు తువ్వాలుకే. ఒకసారి బయట గ్రూమింగ్ చేసేచోట ఇచ్చాను. ఇంటికి తెచ్చాక చూస్తే పొట్ట ఎర్రగా కందిపోయి ఉంది, వేడిగాలి దగ్గరగా పెట్టి ఆరబెట్టారని తర్వాత తెలిసింది. బొచ్చున్న పిల్లికి ఆ వేడి వెంట్రుకల మీదే ఆగుతుంది, దీనికి నేరుగా చర్మానికి తగులుతుంది. ఆరోజు రాత్రంతా దాని పక్కనే కూర్చున్నాను. అప్పట్నుంచి ఇంట్లోనే చేస్తున్నాను. మీకు చేతకాకపోతే, లేదా పిల్లి మరీ మొండిదైతే బయట చేయించుకోవచ్చు, కానీ బొచ్చు లేని పిల్లికి ఇంతకుముందు చేశారా, డ్రయర్ వాడతారా అని ముందే అడగండి, పక్కన నిలబడనిస్తేనే ఇవ్వండి. తువ్వాలును కాస్త వెచ్చబరిచి రుద్దకుండా అద్దుతూ తుడిచి, ఏసీ, ఫ్యాను ఆపిన గదిలో అరగంట ఉంచితే చాలు.

నూనె రాయాలా వద్దా

పొలుసులు కనబడగానే మన చేయి కొబ్బరినూనె సీసా వైపే పోతుంది. జిడ్డు ఎక్కువున్న పిల్లికి నూనె రాయడం అంటే మనం తీసిందాన్ని మళ్లీ పెట్టడమే. నేను రాయను. లడ్డు లాంటి పొడిచర్మానికి, చలికాలంలో, పొలుసులున్న చోట మాత్రమే వేలికొనతో చుక్కంత రాసి, మిగిలింది తుడిచేస్తే నష్టం లేదు. నాకినా విషం కాదు, ఎక్కువైతే విరేచనాలు అవుతాయి. మనుషుల లోషన్లు వద్దు. స్నానాలు తగ్గించడం, గదిలో గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫయర్ పెట్టడం నూనెకన్నా బాగా పనిచేశాయని అక్క అంటుంది. రెండేళ్లు లడ్డు పొట్ట చూశాక నాకూ అదే నిజమనిపించింది.

చెవులు, గోళ్లు

లోపల వెంట్రుకలు లేకపోవడంతో చెవుల్లో గోధుమరంగు గులిమి బాగా చేరుతుంది. నీళ్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇయర్ బడ్స్ వద్దు. బడ్ గులిమిని లోపలికి తోస్తుంది. పిల్లుల కోసం అమ్మే చెవి ద్రావణం నాలుగు చుక్కలు వేసి, చెవి మొదలు మెల్లగా నలిపి, పైకి వచ్చినదాన్ని దూదితో తుడవాలి. వారానికోసారి చాలు. గులిమి మెత్తగా, జిడ్డుగా ఉంటే మామూలే. కాఫీపొడిలా పొడిగా, నల్లగా ఉండి పిల్లి తల విదిలిస్తుంటే చెవి పురుగులు కావచ్చు, శుభ్రం చేస్తూ కూర్చోకుండా డాక్టర్‌కి చూపించండి. గోళ్లకైతే వేలిని పైనుంచీ కిందనుంచీ మెల్లగా నొక్కి, గోరు బయటికి వచ్చాక మొదట్లో చుట్టూ ఉన్న మడ్డిని తడి దూదితో తీయాలి. ఒక్కరోజే అన్ని వేళ్లూ చేయాలని లేదు. ఈరోజు ముందుకాళ్లు, ఎల్లుండి వెనకకాళ్లు.

గడ్డం కింద నల్లటి చుక్కల్లా మొటిమలు వస్తే ముందు ప్లాస్టిక్ గిన్నె మార్చి స్టీలు గిన్నె పెట్టండి.

ఎండకు, చలికి

సన్‌స్క్రీన్ కన్నా నీడ మేలు. మనుషుల క్రీముల్లో ఉండే జింక్ ఆక్సైడ్, శాలిసిలేట్లు నాకితే పిల్లికి హాని. బొచ్చు లేని చర్మం త్వరగా కమిలిపోతుంది, ఏళ్ల తరబడి ఎండ తగిలితే చర్మ క్యాన్సర్ కూడా వచ్చే ప్రమాదముంది. ఉదయం, సాయంత్రం కిటికీ దగ్గర కూర్చోనిచ్చి, నడి ఎండవేళ కర్టెన్ వేసేస్తాను. చొక్కాలు తొడిగే విషయంలో మన వాతావరణానికి దుప్పటే ఎక్కువ సుఖం. అక్క వాళ్ల ఊళ్లో చొక్కా తప్పదు, మెత్తటి కాటన్‌ది, రోజూ విప్పి మార్చేది. చొక్కా జిడ్డు పీల్చుకుంటుంది, రెండు రోజులు అదే ఉంచితే చంకల్లో ఎరుపు వస్తుంది. చొక్కా, దుప్పటి ఏదైనా వారానికోసారి వాసన లేని డిటర్జెంట్‌తో ఉతకండి. ఉతకని దుప్పటి మీద పడుకోబెడితే చేయించిన స్నానం ఒక్కరోజు కూడా నిలవదు.

ఇంట్లో చూసుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవి

గుండ్రటి పొలుసుల మచ్చలు, తెల్లవారేసరికి పాకే ఎరుపు, చీము, ఎంత కడిగినా పోని వాసన. దద్దుర్లలాంటి ఎర్రటి ఉబ్బులు, దురద ఈ జాతిలో ప్రత్యేకంగా కనబడే మాస్ట్ కణాల చర్మవ్యాధి కావచ్చు, అది షాంపూతో తగ్గేది కాదు. హైదరాబాద్ వాళ్లకు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల, రాయలసీమ వాళ్లకు తిరుపతి పశువైద్య కళాశాల ఉన్నాయి. మీ దగ్గరి క్లినిక్‌లో ఈ జాతిని ఎప్పుడూ చూడలేదంటే ఆ కళాశాలల్లో అడగొచ్చు.

స్ఫింక్స్‌లలో గుండె కండరం మందమయ్యే జబ్బు ఎక్కువగా కనబడుతుంది. బయటికి ఏ లక్షణమూ లేకుండా కూడా ఉంటుంది, ఎకో (గుండె స్కాన్) చేయిస్తేనే తెలుస్తుంది. అలాంటి పిల్లికి టబ్బు స్నానం పెట్టే టెన్షన్ మంచిది కాదు. లడ్డుకి తొమ్మిదో ఏట ఈ జబ్బు బయటపడింది. డాక్టర్‌ని అడిగి అక్క టబ్బు తీసేసింది. ఇప్పుడు ఒళ్లో తువ్వాలు పరిచి, వెచ్చని నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని ఈరోజు కాళ్లు, రేపు పొట్ట, ఎల్లుండి మెడ అని ముక్కలుముక్కలుగా తుడుస్తుంది. ఊపిరి వేగం పెరిగినట్టు అనిపిస్తే అక్కడికక్కడే ఆపేస్తుంది. మిగిలింది మర్నాడు చేస్తుంది.